పీరు తిరగని గల్లీ

మా ఊరి పీర్ల పండుగకు మూడు జిల్లాల జనం కదిలి వస్తారని అందరితో చెబుతుంటాను. అబద్ధమేమీ కాదు. మాది జనగామ జిల్లా, తరిగొప్పుల పక్కన చిన్న పల్లె. ఊరివాళ్లు ఎలాగూ ఉంటారు. భూపాలపల్లి జిల్లా తరఫున మొగుళ్లపల్లి నుంచి డప్పులవాళ్లు నలుగురు వస్తారు. మహబూబాబాద్ జిల్లా తరఫున మా బావ రైలెక్కి వచ్చేవాడు. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి ఆయన కూడా రావడం లేదు.

నా మాటలు ఇలాగే ఉంటాయి. ముందు ఊదుతాను, తర్వాత నేనే గాలి తీస్తాను. ఒక్క మాటకు మాత్రం నలభై ఏళ్లుగా గాలి తీయలేదు.

పండుగ పదో రోజున పీర్లు వాగుకు వెళ్తాయి. మధ్యాహ్నం పీర్ల కొట్టం నుంచి ఊరేగింపు లేస్తుంది. ముందు డప్పులు, ఊదు పొగ, వెనకాల కర్రలకు బిగించి, రంగురంగుల దట్టీ గుడ్డలు కట్టిన ఇత్తడి పీర్లను ఎత్తుకున్నవాళ్లు. ఇళ్ల ముందు ఆడవాళ్లు బిందెలతో నిలబడి, పీరు ఎత్తుకున్న మనిషి కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కుతారు. ఆ మనిషి మీదికి పీరు వచ్చిందంటే ఇక అతనికి నొప్పి తెలియదని ఊరి నమ్మకం. నిప్పుల మీద నడిచినా కాలదంటారు. నా కొంప ముంచింది ఈ నమ్మకమే.

పెద్ద పీరు ఎప్పుడో వరదలో కొట్టుకొచ్చి వాగు ఇసుకలో కూరుకుపోతే, ఒక దర్జీ తాత తవ్వి తీసి, నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చాడట. అందుకని వాగుకు పోయే రోజు పీరు మొదట దర్జీల గల్లీలోకి తిరగాలి. ఆ గడప ముందు ఆగి, సెలవు తీసుకున్నాకే కదలాలి. తాత తర్వాత కొడుకు, అతని తర్వాత మనవడు ఆ పీరును ఎత్తుకుంటూ వచ్చారు. ఆ మనవడు నాకు అన్న. ఆయన ముస్లిం, నేను కాదు. అయినా ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనను అన్న అన్నాను, ఆయన భార్యను వదినా అన్నాను.

ఒక ఏడు అన్న ఛాతీ జబ్బుతో మంచం పట్టాడు. నన్ను పిలిపించాడు.

"ఈసారి నువ్వెత్తుకో తమ్మి. మంచం దర్వాజ కాడ ఏపిచ్చుకుంట. మా గడప మాత్రం మర్వకు."

"మర్సుడేందన్నా? గంటసేపు నిలబెడ్త సూడు," అన్నాను.

ఊరేగింపు కూడలి దాకా బాగానే వచ్చింది. అక్కడ ఎడమకు తిరిగితే దర్జీల గల్లీ. అప్పుడే కంకర పోశారు. నేరుగా పోతే వాగు దారి, అంతా మెత్తని ఇసుక. సరిగ్గా ఆ మూల మీద నా కుడి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. కళ్లు బైర్లు కమ్మాయి. కాలు కదలలేదు.

"ఆగింది! పీరు ఆగింది! ఏం గావాలె తండ్రీ?" అని జనం చుట్టుముట్టారు.

ముల్లు గుచ్చుకుందని ఎట్లా చెప్పను? పీరు వచ్చినవాడికి నొప్పేమిటి? ఇంతసేపూ వేసిన చిందులన్నీ ఉత్తవేనని తేలిపోతుంది. ఆ కంకర మీద అడుగేస్తే ఏడుపే. కేక పెట్టాను. "నీళ్లు! ఈడ నీళ్లున్నయ్! సీదా వాగుకే!"

ఇసుక దారి పట్టాను. వెనక్కి చూడలేదు. వాగు దగ్గర పీరును వేరేవాళ్ల చేతికిచ్చి, ఒడ్డున ఓ పక్కకు కూర్చుని ముల్లు పీక్కున్నాను.

అన్న ఆ పండుగ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు.

మరుసటి ఎండాకాలం కూడలిలో బోరింగు వేశారు, నీళ్లు పడ్డాయి. అంతే, అది పీరు బోరింగైంది. నేలలోంచి నీళ్లు నిలువెత్తున చిమ్మాయని నేనే చెప్పాను. నిజానికి రెండు చోట్ల వట్టిపోయి, మూడోచోట పడ్డాయి. అప్పటి నుంచి పీరు ఆ మూల మీద ఆగి, నేరుగా వాగుకే పోతోంది. దర్జీ తాత కథను ఎవరూ చెప్పుకోవడం లేదు.

ఈ ఏడు పండుగకు ముందు వదిన కబురు పెట్టింది. వెళ్లేసరికి మూటలు కడుతోంది.

"బిడ్డ మానుకోటకు తీస్కపోతనంటుంది మరిదీ. ఇగ మల్ల అస్తనో రానో. ఈ ఒక్కసారి పీరును జర మా గల్లీల తిప్పియ్యవా?"

మానుకోట అంటే మహబూబాబాదే. "నా మాట ఊరు కాదంటదా వదినా!" అన్నాను.

కూడలిలో కుర్రాళ్లు బోరింగు చుట్టూ సిమెంటు గద్దె కడుతున్నారు. ఉన్నదంతా చెప్పాను. ముల్లు, కంకర, ఇసుక, అన్నీ. వాళ్లు తాపీలు కింద పెట్టి పడీపడీ నవ్వారు.

"తాతా, మొన్ననేమో నీళ్లు నిలువెత్తు లేసినయంటివి. ఇయ్యాల ముల్లంటున్నవు. రేపేం జెప్తవే?"

"నిజం రా!"

"నీది ఎప్పుడు నిజం గాదు?"

ఊరేగింపు రోజు కూడలిలో చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాను. "ఎడమకు తిప్పుండ్రి!" అని అరిచాను. డప్పుల మోతలో గొంతు పోయేదాకా అరిచాను, ఒళ్లు వణికింది.

"తాత మీదికి పీరొచ్చింది! నీళ్లు పొయ్యుండ్రి!"

నాలుగు బిందెలు నా కాళ్ల మీద గుమ్మరించారు. నుదుట బూడిద పెట్టారు. నన్ను పక్కకు జరిపి, పీరును నేరుగా తీసుకుపోయారు.

తడి కాళ్లతో గల్లీలోకి వెళ్లాను. వదిన గడప ముందు నిండు బిందె పెట్టుకుని, కొత్త దట్టీ మడిచి భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"రాలేదా?"

"రాలే వదినా." ముల్లు సంగతి చెప్పాను. ఈసారి ఏమీ ఊదలేదు.

"నాకెర్కే," అంది. "ఆనాడు నీ ఎన్కనే అచ్చిన. వాగొడ్డున కూసోని ముల్లు పీక్కుంటున్నవు."

"అన్నకు చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? తమ్ముడు గడప మర్సిండనా? మీ అన్నేమో, 'పీరు నా మీద అలిగింది, ఏం తప్పు జేసిన్నో' అనుకుంటనే పాణమిడ్సిండు."

బిందె ఎత్తింది. నిజం చెప్పాలి కదా, కాళ్లు రెండూ దగ్గరకు చేర్చి నిలబడ్డాను. వదిన నా పాదాల వంక చూసింది.

"నువ్వేమన్న పీరువా మరిదీ? జరుగు."

గోడ పక్కన కరివేపాకు చెట్టుంది. బిందె ఖాళీ అయ్యేదాకా దాని మొదట్లో పోసింది. తర్వాత బిందెను బోర్లించి, మూటల పక్కన పెట్టింది.