తిమ్మప్ప చూపుడువేలు

నీళ్ళు కనబడితే తిమ్మప్ప చూపుడువేలు ముంచుతాడు. అన్నానికి ఎసరు కొలిచినట్టు ముంచి, పైకి తీసి, వెలుతురుకు ఎత్తి, ఎన్ని కణుపులు తడిశాయో చూస్తాడు. చూసి ఒకే మాట అంటాడు.

"దీనికి ఇంగా పనుండాది."

బియ్యం కడిగిన నీళ్ళకు పని ఉంది. కూరగాయలు కడిగిన నీళ్ళకు పని ఉంది. ఏసీ గొట్టం నుంచి బొట్లుబొట్లుగా కారే నీళ్ళకైతే, పాపం, ఊపిరాడనంత పని. అనంతపురం పక్కన మెట్టచేను చేసిన మనిషి. గోపన్‌పల్లిలో కొడుకు భరత్ ఫ్లాటులో, తొమ్మిదో అంతస్తులో ఉంటున్నా, పని లేని నీళ్ళు ఆయనకు ఇంతవరకు కనబడలేదు. అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు లింగమూర్తి ఒకసారి ఇంటికొచ్చి, సగం గ్లాసు తాగి బల్ల మీద పెట్టాడు. అందులోనూ వేలు పడింది. "ఇంగా తాగుతావా సార్?" అని అడిగి, ఆయన నోరు తెరిచేలోపు ఆ సగం కరివేపాకు కుండీలో పోశాడు.

గిన్నెలు తోమే మల్లమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు.

"ఏంది తాతా, నా బకెట్ల గూడ ఏలు వెడ్తవా? సబ్బు నీళ్ళవి."

"సబ్బు నీళ్ళకు సబ్బు పని. బాల్కనీ కడుగుదాం."

"జర నన్ను గూడ చూడు, నాకింక పనుందో లేదో."

"నీకు శానా ఉండాది మల్లమ్మా. టీ తాగి చేద్దువులే."

కోడలు శిరీష ఇదంతా చూసి నవ్వుకునేది. కూతురు వర్షిత సంగతి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది.

పోయిన వేసవిలో అపార్ట్‌మెంట్ ఈతకొలనులో, చిన్నపిల్లల మెట్టు మీద, వర్షిత జారి ఒక గుక్క నీళ్ళు మింగింది. శిరీష చెయ్యి వెంటనే అందింది. భయం అంతకంటే ముందు అందింది. ఇప్పుడు పిల్లకు మూడేళ్ళు. బకెట్ చప్పుడైతే మంచం కిందికి దూరుతుంది. ఎండలు వచ్చాయి, మెడ నిండా చెమటకాయలు. డాక్టరు స్నానం చేయించమంటాడు. ఇంట్లోవాళ్ళు తడిగుడ్డతో తుడుస్తారు, అదీ పిల్ల నిద్రలో ఉన్నప్పుడు.

ఆటలో పడితే భయం పోతుందని శిరీష అనుకుంది. ఆఫీసుకు వెళ్ళేముందు బాల్కనీలో నీలం టబ్బు పెట్టి, నిండా నీళ్ళు పోసి, ప్లాస్టిక్ చేపలు, గరిటెలు, బంతిపూల రెక్కలు గడ్డకట్టించిన ఐసు ముక్కలు వేసేది. "మామా, మీరు పక్కనే కూర్చోండి" అని అప్పగించి వెళ్ళేది. సాయంత్రం వచ్చి చూస్తే టబ్బు అడుగున ఒక తడి మెరుపు. చేపలన్నీ పక్కకు ఒరిగి పడుకుని ఉండేవి. కుండీలు మాత్రం కళకళలాడేవి.

"టబ్బులో నీళ్ళేవి మామా?"

"చెట్లకు పోస్తిమి."

రంగు ఉంటే పిల్లకు నచ్చుతుందని ఒకరోజు పసుపు కలిపింది. ఆ నీళ్ళతో తిమ్మప్ప హాలంతా తుడిచాడు. ఇంటిల్లిపాది అరికాళ్ళు పచ్చబడ్డాయి. లిఫ్టులో పక్కింటి శ్రావణి భరత్ చెప్పుల మీద పసుపు చూసి, "పెళ్ళెవరికండీ?" అని అడిగింది.

ఆ సాయంత్రం శిరీష గొంతు పెరిగింది. "టబ్బుడు నీళ్ళు పిల్లకు వదల్లేరా మామా? మీ కరివేపాకు కంటే అది తక్కువా?"

తిమ్మప్ప వేలు చూసుకున్నాడు. అది పొడిగా ఉంది.

శుక్రవారం శిరీష ఇంటి నుంచే పని చేస్తోంది. మీటింగు మధ్యలో మైకు ఆపి, బాల్కనీ తలుపు సందులోంచి చూసింది.

తిమ్మప్ప పీట మీద కూర్చున్నాడు. నిండు టబ్బుకు దూరంగా, గోడకు అంటుకుని వర్షిత. ఆయన చెంబుతో నీళ్ళు తోడి కుండీల్లో పోస్తున్నాడు. ఒక్కో చెంబుకు పిల్ల ఒక్కో అడుగు ముందుకు వస్తోంది. నీళ్ళు బాగా తగ్గాక వచ్చి, టబ్బులో చూపుడువేలు ముంచింది. పైకి తీసి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఎన్ని పాపా?"

"రెండు."

"నిన్న?"

"ఒకటి."

"రెండుకు భయమయితాందా?"

"కొంచెం."

"అయితే ఆ కొంచెం చెట్లకు పోద్దాం పట్టు."

చెంబు ఈసారి వర్షితే ముంచింది. పోసి వచ్చి, టబ్బులో కాళ్ళు పెట్టి, ఒరిగిన చేపను గరిటెతో నిలబెట్టసాగింది.

భయమున్నంత నీళ్ళు చెట్లకు. మిగిలినవి వర్షితకు. శిరీష కుండీల వైపు చూసింది. కరివేపాకు తన కూతురి భయం తాగి అంత ఏపుగా పెరిగింది. మీటింగులో ఎవరో రెండుసార్లు ఆమె పేరు పిలిచారు. మూడోసారికి ఆమె మైకు తెరిచింది.

ఆమె టబ్బు నింపడం మానలేదు. ఆయన తోడడం మానలేదు. తోడేది మాత్రం తగ్గుతూ వచ్చింది. ఎండలు ముదిరాయి. నీళ్ళు వేలు దాటాయి, మణికట్టు దాటాయి. చేపలు లేచి నిలబడ్డాయి. ఒక ఆదివారం అందరూ బాల్కనీలో ఉండగా తిమ్మప్ప అలవాటుగా చెంబు ఎత్తాడు. టబ్బులో కూర్చున్న వర్షిత ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దు తాతా. దీనికి ఇంగా పనుండాది."

భరత్ ఈల వేశాడు. శిరీష ఇంకో బకెట్ తెచ్చి పోసింది. టబ్బు పొంగి బాల్కనీ అంతా పారింది.

"ఇగ నీ చెట్లు ఎండినట్టే తాతా," అంది మల్లమ్మ.

"ఎండనీలే."

మరునాడు పొద్దున తిమ్మప్ప చొక్కా విప్పి స్నానాలగదిలో పీట వేసుకుని కూర్చున్నాడు. చెంబు మనవరాలి చేతికిచ్చాడు. వర్షిత ఆయన బట్టతల మీద నిండుగా పోసింది. చెంబు తిరిగి ఇచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, తల వంచి నిలబడింది.

"ఇప్పుడు నాకు."

ఆయన పోశాడు. పిల్ల కెవ్వుమనలేదు. ఉక్కిరిబిక్కిరై, తల విదిలించి, "మళ్ళీ" అంది. ఆయన మళ్ళీ పోశాడు. నీళ్ళు పీట కింద నుంచి పారి, జాలీలోంచి గలగలమంటూ వెళ్ళిపోతున్నాయి.

గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడ్డ శిరీష ఆగలేకపోయింది. "మామా, నీళ్ళు పోతున్నాయి."

తిమ్మప్ప వేలు ముంచలేదు.

"పోనీలేమ్మా," అన్నాడు, ఇంకో చెంబు నింపుతూ. "దాని పని అయిపాయ."