తీతు గారి సుత్తి

తీతు గారు ముప్పై ఏళ్లు ఖరగ్‌పూర్ స్టేషన్‌లో రైలు చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగుళ్లు కనిపెట్టారు. రిటైరై ఆ ఊళ్లోనే మలంచా పేటలో ఇల్లు కట్టుకున్నాక కూడా, రోజూ పొద్దున్నే రేకుల షెడ్డులోకి వెళ్లి, తన పాత మోరిస్ కారు నాలుగు చక్రాలనూ అదే సుత్తితో తట్టి, తల వాల్చి వింటారు. ఆ తర్వాత చిరిగిన బనియన్‌తో బానెట్ మీద దుమ్ము తుడుస్తారు. ఆ కారు బయటికి వచ్చేది ఆదివారం చర్చికి మాత్రమే.

"అది కారు నాన్నా, రైలుడబ్బా కాదు," అని నవ్వేవాడు కొడుకు ఆర్థర్.

"సక్రం ఏదైనా సక్రమేరా."

తొంభై రెండులో ఆర్థర్ మారుతి కొన్నాడు. షెడ్డులో ఒక్క కారే పడుతుంది. "నీదాన్ని అమ్మేద్దాం. వారానికోపాలి తిరిగే బండికి షెడ్డెందుకు?" అన్నాడు. తీతు గారు సుత్తి తీసుకుని షెడ్డులోకి వెళ్లిపోయారు. మారుతి పనసచెట్టు కిందే ఉండిపోయింది.

ఒక వేసవి మధ్యాహ్నం కాలబైశాఖి గాలివాన లేచి, వడగళ్లు మొదలయ్యాయి. నైట్ డ్యూటీ చేసి పడుకున్న ఆర్థర్ ఉలిక్కిపడి లేచాడు. మేకుకు తగిలించిన మారుతి తాళంచెవి లేదు. బయటికి పరిగెత్తి చూస్తే మోరిస్ వానలో ఉంది. షెడ్డులో తీతు గారు వంగి, మారుతి చక్రాలను తడుతున్నారు.

"ఇదేటి నాన్నా! నీ కారు తడిసిపోతన్నాది!"

"అది ఇలాటివి శానా సూసినాది. ఇది మొన్న వచ్చినాది," అని ఆయన నాలుగో చక్రం దగ్గరికి జరిగారు.

ఆర్థర్ మూలనున్న టార్పాలిన్ తీసుకుని మోరిస్ వైపు వానలోకి నడిచాడు.