చెరిపేముందు అడిగే మనిషి

మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు కర్మాగారంలో ఆయన కంప్యూటర్ ఆపరేటరు. గని, గేటు, కార్యాలయాల హాజరు లెక్కలన్నీ ఆ యంత్రంలోనే కలిసేవి. డిస్కు నిండి పని ఆగినప్పుడల్లా పాత ఫైళ్లను చెరిపేవాడు, చెరిపేముందు పేరు చదివి, "ఎవలికన్న కావాల్నా?" అని గదంతా వినబడేలా అడిగేవాడు. ఆ గదిలోని గుమాస్తాలం మేమెవరమూ తలెత్తేవాళ్లం కాదు.

1994 మే నెలాఖరున డిస్కు నిండి మా జీతాల లెక్క మధ్యలో ఆగింది. కాంట్రాక్టు కూలీల పాత హాజరు తీసెయ్యమన్నాడు మేనేజరు. అంతకుముందు గనిలో బండ పడి ఆ కూలీల్లో ఒకడు చనిపోయాడు; అతను అక్కడ పనిచేసినట్టు ఆ హాజరు తప్ప వేరే రుజువు లేదు. పరిహారం కోసం అతని భార్య గేటు దగ్గరే కూర్చుని ఉంది.

ఆయన లేచి గేటు వైపు కిటికీ తెరిచాడు. "అక్కా, నీ పెనిమిటి హాజరు తీసేస్తున్నరు. కావాల్నా?"

"కావాలె తమ్మీ, కావాలె!"

మేనేజరు వంగి తానే మీట నొక్కాడు. డిస్కులో జాగా దొరికింది. మా జీతాలు ఆ సాయంత్రమే అందాయి.