క్యాంపు కోసం నేర్పిన నాలుగు మాటలు

మా పాపకు ఏడేళ్లొచ్చినా మాటలు సరిగా రాలేదు. ప్రత్తిపాడులో ఇలాంటి పిల్లల్ని పరీక్షించే క్యాంపు ఉంది, తీసుకెళ్లమని బడిలో టీచరు గారు చెప్పారు. నాకు ఒళ్లు మండింది. పిచ్చిదని ముద్ర వేసి బడి మాన్పించడానికే ఈ ఎత్తు అనుకున్నాను. కిందటేడు కొడుకుని చూపించిన పక్కింటామెను అడిగి, అక్కడ చూపించే బొమ్మలేవో వరసతో సహా కనుక్కున్నాను. వారం రోజులు కల్లంలో మిరపకాయల్లోంచి తాలు కాయలు ఏరుతూ, పిల్లి, బస్సు, గొడుగు, చెంబు అని పాపతో వల్లె వేయించాను.

క్యాంపులో పిల్లల్ని పరీక్షించే మేడం బొమ్మలు చూపించింది. పాప నాలుగూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఇప్పుడేమంటావ్ అన్నట్టు మేడం వైపు చూశాను. ఆమె బొమ్మల వరస మార్చి మళ్లీ చూపించింది. పాప గొడుగుని చూసి పిల్లి అంది, చెంబుని చూసి బస్సు అంది.

మేడం ఏదో రాసుకుంటోంది. "ఏం రాస్తున్నారండీ?" అని గద్దించాను.

"నేర్పితే గుర్తుంచుకుంటుంది, ఇంట్లో నేర్పేవాళ్లున్నారు అని రాస్తున్నానమ్మా."

ఇప్పుడామె వారానికి రెండు రోజులు బడికొచ్చి పాపకు విడిగా పాఠం చెబుతోంది. అయినా నాకు నమ్మకం లేదు, కిటికీ దగ్గరే కాపలా ఉంటాను. మొన్న పాప లేచి నా దగ్గరకొచ్చింది. "అమ్మా, నువ్వు పో" అని కిటికీ మూసేసింది. ఆ మాట నేను నేర్పలేదు.