దశరథం మేస్త్రికి కల పడ్డది

మా దశరథం మేస్త్రి ఏ పని చెప్పినా కల మీద పెట్టి చెప్తడు. సిరిసిల్లల మా కార్ఖానాల ఇరవై నాలుగు మరమగ్గాలున్నయి. వాటిని మేం సాంచాలంటం. ఇరవై నాలుగిటికీ ఆయన కలలే దిక్కు.

"నూనె డబ్బా తలుపు ఎనుక పెట్టున్రి, కలల జారి పడ్డ" అంటడు. "పంకా రెక్కలు తుడువున్రి, కలల ఒకటే తుమ్ములు" అంటడు. దసరాకు ఎన్ని రోజులు సెలవని అడిగితే, "గా కల సగంలనే తెల్లారింది. రేపు జూద్దాం" అన్నడు.

"ముప్పై ఏండ్ల సంది జూస్తున్న, మొద్దు నిద్ర పోతడు. గీ కలలు ఎప్పుడు కంటడో" అని ఆయన భార్య కనకవ్వ పరేషాన్ అయ్యేది.

మొన్న వానకాలంల అంతయ్య బండి జారి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నడు. ఎనిమిది సాంచాలు ఒక్కడే నడిపే మనిషి. మూడు నెలలకు కట్టు ఇప్పిన్రు గని, చెయ్యి పైకి లేస్తలేదు. నేను చూడబోతే గోడ దిక్కు తిరిగి కూసున్నడు.

"తేలిక పని చేయొచ్చన్నరట గద అన్నా," అన్న.

"నీ పక్కన కూసొని కండెలు చుట్టాల్నా? నా పని అయిపోయింది బాలలక్ష్మి చెల్లె."

కండెలకు నూలు చుట్టుడు నా పని.

తెల్లారి మేస్త్రిని తోలుకపోయిన.

"అంతయ్యా, కల పడ్డది," అన్నడు మేస్త్రి. "సాంచాల నడిమిట్ల కుర్చీ ఏసుకొని కండ్లు మూసుకున్నవ్."

"నిద్రనా?"

"కాదు, ఇంటున్నవ్. ఏది చెడిపోతదో చప్పుడును బట్టి చెప్తున్నవ్. పన్నెండో నంబరు సంగతి అడిగేసరికి మెలకువొచ్చింది. అదేందో నువ్వే వచ్చి చెప్పాలె."

మూడు నెలలకు అంతయ్య నవ్విండు. వచ్చిండు.

పగటీలి రేకుల సందులకెళ్లి ఎండ దిగేది. దూది నుసి ఆ ఎండల బంగారం లెక్క తేలేది. నడుమ అంతయ్య కండ్లు మూసుకొని, దూరంగ ఏటి చప్పుడు ఇంటున్నట్టు కూసునేటోడు. "పన్నెండో దానికి బెల్టు వదులైంది" అన్నడు. చూస్తే నిజమే.

రెండు వారాలకు, అంతయ్య ఎడమ చేత్తో పోగులు అతికే కల మేస్త్రికి పడ్డది. ఆ తర్వాత రెండు సాంచాల కల. ఒకనాడు అంతయ్య నాలుగు నడుపుతనన్నడు.

మేస్త్రి తల అడ్డం ఊపిండు. "కలల మూడే కనబడ్డయి. నాలుగోది మంచుల ఉండె."

గా నెలల నేను నడుము నొప్పికి కరీంనగర్ దవాఖానకు పోయిన. ఎక్సర్‌సైజులు చేయించే మంజులమ్మ నేను పనిచేసే జాగ తెలుసుకొని నవ్వింది.

"మీ మేస్త్రి సోమవారం సోమవారం ఫోన్ చేస్తడమ్మా. అంతయ్య చెయ్యి ఈ వారం ఎంత లేపాలె, ఎంతసేపు నిలబడాలె, అన్నీ అడిగి రాసుకుంటడు. మూడు సాంచాలే, నాలుగొద్దని మొన్న నేనే చెప్పిన."

బస్సుల ఇంటిదాకా నవ్వుకుంటనే వచ్చిన. తెల్లారి అడిగిన, "మేస్త్రి, గా మంచు మంజులమ్మదా?"

ఆయన అటూ ఇటూ చూసిండు. "దవాఖాన మాటంటే వానికి రోగమే యాదికొస్తది. కలంటే నవ్వుకుంట ఇంటడు. నువ్వు జర చెప్పకు."

చెప్పలే.

చలి తగ్గేసరికి అంతయ్య ఎనిమిది సాంచాలూ మళ్ల పట్టుకున్నడు. ఆ రోజు సద్ది తినేకాడ అంతయ్య వచ్చి మేస్త్రి పక్కన కూసున్నడు.

"మేస్త్రి, నాకూ ఒక కల పడ్డది."

"చెప్పు."

"బాలలక్ష్మి చెల్లె కండెలు చుట్టేకాడ పీట లేదు. వీపు ఆనించే కుర్చీ ఉన్నది."

నా ముద్ద చేతులనే ఆగింది. నడుము సంగతి కార్ఖానాల ఎవ్వరికీ చెప్పలే నేను. సాంచాల చప్పుడు ఇన్నట్టే నా మూలుగూ ఇన్నట్టున్నడు.

మేస్త్రి నవ్వలే. చెవి మీది పెన్సిల్ తీసిండు.

"ఎంత ఎత్తు కనబడ్డది?"

"మోకాలంత."

"మెత్త ఉండెనా?"

అంతయ్య కండ్లు మూసుకొని జరసేపు యాది చేసుకున్నడు.

"ఉండె. నీలం రంగుది."