ఒక్క పదమూ సరిగ్గా లేని మెసేజ్

పోయిన ఆదివారం ఉదయం మా టీచరమ్మ కన్నుమూశారు. ఆసుపత్రి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క ఎల్లిపోనాదమ్మా. గ్రూపులో నువ్వే పెట్టు" అంది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపును నడిపేది నేనే. ఆ కబురు ఇంగ్లీషులో రెండు వాక్యాలుగా రాయడానికి నాకు అరగంట పట్టింది.

టీచరమ్మ రైల్వే బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పారు. మావి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ, మా వయసువాళ్ళలో చాలామందికి చదవడం రాదు. అందుకే గ్రూపులో ఇంగ్లీషే, ఎవరికి వచ్చినంత వాళ్ళది. ఆవిడ చేరాక ప్రతి తప్పు కిందా సరైన మాట వచ్చి కూర్చునేది. మందలింపు ఉండేది కాదు, పక్కన ఒక పువ్వు బొమ్మ. "లూజ్ అని రాసేటప్పుడు, పోగొట్టుకోడానికి ఒక ఓ చాలే. రెండు పెడితే వదులైపోద్ది" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో! సెక్టర్ ఫైవ్‌లోని ఐటీ కంపెనీలో కస్టమర్లతో చాట్ చేసే ఉద్యోగం నేను చేయగలుగుతున్నానంటే ఆ దిద్దుబాట్ల వల్లే.

నిరుడు మా నాన్న పోయినప్పుడు, పక్క బ్లాకు అన్నయ్య ఒకాయన 'సారీ ఫర్ యువర్ లూజ్' అని రాశాడు. ఆవిడ దాని కింద 'లాస్' అని పెట్టారు. చావింట్లో కూడా పాఠాలేనా అని గ్రూపంతా భగ్గుమంది. నేను ఫోన్ చేశాను.

"టీచరమ్మా, ఇంక గ్రూపులో దిద్దకండి. అందరూ బాధపడతన్నారు."

"మీ నాన్న కోసం రాసింది కదా, సరిగ్గా ఉండాలనుకున్నాను. నీకూ బాధయిందేటే?"

"అయింది" అన్నాను.

మళ్ళీ ఆవిడ ఎవరినీ దిద్దలేదు.

ఈ నెల మొదట్లో ఒక పొద్దున్న గ్రూపులో ఆవిడ మెసేజ్ కనిపించింది. ఒక్క పదమూ సరిగ్గా లేదు, అక్షరాలన్నీ కలగాపులగం. వెంటనే నవ్వు బొమ్మలు వచ్చి పడ్డాయి. "దిదిమొణి కూడా మన బ్యాచ్‌లో చేరిపోయారు" అన్నారొకరు, టీచరమ్మని బెంగాలీలో పిలుస్తూ. మమ్మల్ని ఆటపట్టిస్తున్నారనుకుని, నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఆఫీసు బస్సెక్కాను.

మధ్యాహ్నం చెల్లెలు చర్చి నుంచి వచ్చి తలుపు తీసేసరికి ఆవిడ కుర్చీ పక్కన పడి ఉన్నారు. మెదడులో రక్తం గడ్డకట్టిందని చెప్పిన డాక్టరు, "ఇంకాస్త ముందు తెచ్చుంటే" అంటూ ఆగిపోయారు. సాయంత్రానికి ఎవరి నవ్వు బొమ్మలు వాళ్ళు తీసేశారు. నేనూ తీసేశాను. అంతకుమించి ఏం చేయాలో తెలియలేదు.

మాట పడిపోయింది, కుడిచెయ్యీ పడిపోయింది. చెల్లెలు ఇచ్చిన నోటుపుస్తకంలో ఆవిడ ఎడమచేత్తో రాసేవారు. రాసింది తప్పని ఆవిడకి తెలిసిపోయేది. కొట్టేసేవారు. మళ్ళీ అదే తప్పు. అప్పుడు నావైపు చూసేవారు. ఏం రాయాలనుకుంటున్నారో తెలిస్తే కదా, నేను దిద్దగలిగేది!

పోయే ముందురోజు, శనివారం, నా అరచెయ్యి తిప్పి, వేలితో ఏదో రాశారు.

"ఏటి టీచరమ్మా?"

మళ్ళీ రాశారు, ఇంకా నెమ్మదిగా. నాకు ఒక్క అక్షరం అందలేదు. అర్థమైనట్టు తల ఊపాను. నమ్మారో లేదో, నా వేళ్ళను ఒక్కొక్కటిగా లోపలికి మడిచి, గుప్పిట మూశారు.