ఖాళీ వదిలిన చోట్లు

ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదుట ఇంగ్లీషు దరఖాస్తులు టైపు చేసే రమాకాంత్ కాగితాల్లో ముప్పై ఏళ్లుగా అక్కడక్కడా ఖాళీలుండేవి. ‘ఇన్’ రావాలో, ‘ఆన్’ రావాలో, ‘ఎట్’ రావాలో తేలని చోటల్లా జాగా వదిలేవాడు. మధ్యాహ్నం అన్నానికి వెళ్తూ ఆ కాగితం ఇంటికి తీసుకుపోతే, బళ్లో ఇంగ్లీషు చెప్పే భార్య సుగుణమ్మ కంచం ముందే పెన్సిలుతో నింపేది.

“మూత గిన్నెల వెడ్తవా, గిన్నె మీద వెడ్తవా? గింత తెల్వకుంట టైపు ఎట్ల నేర్సినవయ్యా?”

“నాకేం ఫికర్? టీచరమ్మ ఇంట్లనే ఉన్నది గద.”

వినీ వినీ ఎక్కడ ఏది రావాలో అతనికీ పట్టుబడింది. అయినా ఖాళీలు వదలడం మానలేదు. ఆ దెప్పుడు లేకపోతే అన్నం తిన్నట్టుండేది కాదు.

కిందటేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది. ఎడమచేత్తో రాయడమూ అలవాటైంది. ‘ఇన్’, ‘ఆన్’ లాంటి చిన్న మాటలు మాత్రం ఒకదాని చోట ఒకటి వచ్చి పడుతున్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. అతను ఎప్పటిలాగే కాగితం చాపేవాడు, ఆమె నింపేది. దుకాణానికి వెళ్లి అన్నీ సరిచేసి టైపు కొట్టి, ఆమె రాసిన కాగితం సొరుగులో దాచేవాడు.

ఒక ఆదివారం సుగుణమ్మ పాత విద్యార్థిని షీరీన్ మిఠాయి తెచ్చింది. బొంగులూరు దగ్గర కంపెనీలో ఉద్యోగం వచ్చిందట.

“మీరు దిద్దిన లెటర్‌తోనే వచ్చింది మేడం. ఫోటో తీసి పెట్టుకున్న,” అని ఫోన్ చూపింది.

సుగుణమ్మ ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది. తాను వంకరటింకరగా నింపిన మాటలు మూడు. మూడింట్లో ఒక్కటీ అందులో లేదు; ఆ చోట్లలో వేరే మాటలున్నాయి.

షీరీన్ వెళ్లాక అడిగింది. “నువ్వు మార్చినవా?”

“అవ్.”

“ఎప్పటిసంది?”

రమాకాంత్ మిఠాయి డబ్బా మీద మూత పెట్టాడు.

“మంచిగనే నేర్సినవ్,” అన్నదామె, బళ్లో పిల్లలతో అన్నట్టు.

మర్నాడు అతను కంచం పక్కన కాగితం పెడితే, ఆమె పెన్సిలు తీసి అతని చేతిలోనే పెట్టింది. రమాకాంత్ ఖాళీలన్నీ నింపాడు. చివరిది కావాలనే తప్పు రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. మూత, గిన్నె అంటుందేమోనని ఎదురుచూశాడు.

సుగుణమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసింది.

“సరిగ్గున్నది,” అన్నది. “తిను, సల్లారుతది.”